బాబు ధాన్యం బస్తాల సందులో దూరుతున్నాడు, మానిపించాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండి. రాజోలు దగ్గర పల్లెటూరు, అత్తమామలతో కలిసి ఉంటున్నారు. బాబుకి అయిదేళ్లు నిండాయి, కిందటేడు కాకినాడలో ఆటిజం అని చెప్పారు. మాటలు తక్కువ. మిక్సీ వేసినా, గుడి మైకు మోగినా చెవులు మూసుకుని వసారాలోకి పరుగెత్తి, గోడకీ ధాన్యం బస్తాలకీ మధ్య సందులో దూరి కూర్చుంటాడు. గుప్పిట్లో ఎప్పుడూ కొబ్బరిపీచు ముక్క ఉంటుంది, దాన్ని పెదాలకి రాసుకుంటూ ఉంటాడు. చొక్కా వేస్తే విప్పేస్తాడు. ఇవన్నీ పాడలవాట్లనీ, జూన్‌లో బడిలో వేసేలోపు మానిపించాలనీ మీ అత్తగారు అంటున్నారు. ఏం చేయమంటారు అని అడిగారు.

మానిపించకండి. ఆ సందూ ఆ పీచూ మీవాడు తన ఒంటికి తానే కనిపెట్టుకున్న మందు. అవి లాగేసుకుంటే వాడి బాధ అలాగే ఉంటుంది, ఊరట మాత్రం పోతుంది. అప్పుడు తల గోడకేసి కొట్టుకోవడమో, చెయ్యి కొరుక్కోవడమో మొదలు కావచ్చు. మీరు చూసుకోవలసినవి రెండు: ఆ ఊరట ప్రమాదం లేని రూపంలో దొరకాలి, అది అవసరపడే సందర్భాలు తగ్గాలి. నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని, అంటే తినడం, బట్టలు వేసుకోవడం, బడి లాంటి రోజువారీ పనులు పిల్లలు చేసుకోగలిగేలా సాయం చేసే మనిషిని. పాలకొల్లు, నరసాపురం, రాజోలు చుట్టుపక్కల పిల్లలతోనే చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను. ఇలా సందుల్లో దూరే పిల్లలు నాకు కొత్త కాదు.

అయితే ఆ బస్తాల సందు సంగతి మాత్రం ఈ రోజే చూడండి. బస్తా 75 కిలోలు ఉంటుంది. గోడకి వీపు ఆనించి కాళ్లతో తన్నిపెట్టి కూర్చోవడం ఇలాంటి పిల్లలకి ఇష్టం, ఆ తోపుకి పైబస్తా జారితే ఇక చెప్పక్కర్లేదు. ధాన్యం ఉన్నచోట ఎలకలు, ఎలకలున్న చోటికి పాములు రావడం మీకు నేను చెప్పేదేం కాదు. అన్నిటికన్నా నాకు భయం వేరే ఉంది. పురుగు పట్టకుండా కొందరు బస్తాల మధ్య అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెడతారు. వాటిలోంచి వచ్చే వాయువు ప్రాణం తీస్తుంది. గాలి ఆడని సందులో పిల్లాడు ముడుచుకుని కూర్చుంటే అడగాలా? మావయ్యగారిని ఇప్పుడే కనుక్కోండి, పెట్టి ఉంటే పిల్లాణ్ణి ఆ వసారా ఛాయలకే రానివ్వకండి.

సందు మూసేసిన రోజే దానికి బదులు ఇంకోటి సిద్ధంగా ఉండాలి. ఊక నింపిన గోనెసంచులు నాలుగైదు తీసుకుని, గాలీ వెలుతురూ ఉన్న ఒక మూల నేలమీద పడుకోబెట్టండి. వాటికీ గోడకీ మధ్య వాడి ఒళ్లు బిగువుగా పట్టేంత ఖాళీ ఉంచి, కింద పాత బొంత వేయండి. ఊక తేలిక, మీద పడ్డా ఏమీ కాదు, వాడు తోస్తే కదులుతుంది కూడా. గోనె మాత్రం మార్చకండి. భీమవరం వైపు ఒక కుటుంబం ఇలాగే బస్తాలు తీసేసి, ఆన్‌లైన్లో రంగురంగుల గుడారం ఒకటి తెప్పించారు. పిల్ల అందులోకి తొంగి కూడా చూడలేదు, మళ్లీ మళ్లీ గోనెల దగ్గరికే పోయేది. నేను వెళ్లి చూసినప్పుడు ఆ పిల్ల దూరే ముందు చెంప గోనెకి ఆనించి, ముక్కు దాని నేతలో పెట్టి గట్టిగా ఒక ఊపిరి పీల్చేది, ఆ తర్వాతే లోపలికి జరిగేది. దాని ఊరటలో సగం ఆ వాసనే. గుడారం లోపల ఉతికిన గోనె పరిచాక అటు వెళ్లడం మొదలుపెట్టింది. అంచేత ఏదైనా మార్చే ముందు వాడు అక్కడ ఏం చేస్తున్నాడో దగ్గరగా చూడండి. నొక్కుడు కావాలా, చీకటి కావాలా, వాసనా, చల్లటి గోడా, లేక జనం కంటపడకుండా ఉండటమా? ఒక్కో పిల్లది ఒక్కో లెక్క.

నొక్కుడు ఎందుకు హాయి అంటే, మన కీళ్లూ కండరాలూ చెయ్యి ఎక్కడుందో కాలు ఎక్కడుందో మెదడుకి ఎప్పటికప్పుడు కబురు పంపుతుంటాయి. ఈ పిల్లల్లో చాలామందికి ఆ కబురు సన్నగా అందుతుంది. అదే సమయంలో చెవి, చర్మం నుంచి వచ్చేవి మరీ పెద్దగా అందుతాయి. ఒంటిని నాలుగు వైపులా గట్టిగా నొక్కితే ఒళ్లు ఎక్కడుందో తెలుస్తుంది, మోత కాస్త వెనక్కి తగ్గుతుంది. అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ అనే ఆమె ఉన్నారు, ఆటిజం ఉన్న మనిషి, పశువిజ్ఞానంలో ప్రొఫెసరు. పద్దెనిమిదేళ్ల వయసులో, పిన్ని గారి పశువుల క్షేత్రంలో సూదులు వేసేటప్పుడు ఆవుల్ని రెండు పలకల మధ్య బిగించడం, బిగించాక అవి నెమ్మదించడం చూశారు. తనూ అందులో దూరి చూశారు. తర్వాత చెక్కలతో తన కొలతకి అలాంటి యంత్రమే చేసుకున్నారు. చుట్టూ ఉన్నవాళ్లు అది మంచిది కాదని తీసేయించాలని చూసినా ఆవిడ వదల్లేదు. మీ అత్తగారికి ఈ కథ చెప్పండి. అందులో నాకు ముఖ్యమనిపించే సంగతి, బిగువు పెంచే తగ్గించే మీట ఆవిడ చేతిలోనే ఉండేది.

మొదలుపెట్టడం, ఆపడం పిల్లాడి చేతిలో ఉండాలి. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతాదంతా మీకే తోస్తుంది. మనం పట్టుకుని చుట్టేస్తే అది ఊరట కాదు, నిర్బంధం. బరువు దుప్పట్లు ఇప్పుడు అందరూ అమ్ముతున్నారు, మీకూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. 2008లో కెనడాలో ఒక బడిలో ఆటిజం ఉన్న బాబుని బరువు దుప్పటిలో చుట్టి ఉంచితే ఊపిరాడక చనిపోయాడు. నిద్ర పట్టిస్తాయన్న మాటకీ బలం లేదు, 2014లో అచ్చయిన ఒక బ్రిటిష్ అధ్యయనంలో మామూలు దుప్పటికీ దానికీ నిద్రలో తేడా కనపడలేదు, పిల్లలకి నచ్చిన మాట మాత్రం నిజం. అయినా మన ఉక్కపోతలో, కరెంటు పోయిన రాత్రి అయిదు కిలోల దుప్పటి ఎవరు కప్పుకోగలరండి? దానికి బదులు బనియన్ గుడ్డ రెండు గజాలు కొని, దర్జీ చేత రెండు వైపులా తెరిచి ఉన్న గొట్టంలా కుట్టించండి. వాడు అందులో దూరి సాగదీస్తూ ఉంటాడు, తల బయటే ఉంటుంది, వద్దనుకుంటే తనే బయటికొస్తాడు. కూర్చుని అన్నం తినేటప్పుడు ఒళ్లో కిలో బియ్యం పోసి కుట్టిన చిన్న సంచి ఉంచితే చాలామంది కుదురుగా ఉంటారు. పావుగంట చాలు. ఛాతీ మీదా మొహం మీదా ఏ బరువూ పెట్టకూడదు.

చీర ఉయ్యాల గురించి మీరు రాయలేదు గానీ మీ ఇంట్లో దూలం ఉంటే కట్టండి. నా గదిలో వేలు పోసి కొన్న ఉయ్యాల కన్నా అది నయం, ఎందుకంటే చీర ఒంటికి చుట్టుకుని నొక్కుతుంది, ఊపుతుంది, వెలుతురు తగ్గిస్తుంది, అన్నీ ఒకేసారి. పాత నేతచీర అయితే మేలు. నేలకి మూరెడు ఎత్తులో ఉండాలి, కింద పరుపు ఉండాలి, ఒంటరిగా వదలకూడదు. ముందుకీ వెనక్కీ నెమ్మదిగా ఊపితే సాధారణంగా నెమ్మదిస్తారు, గిరగిరా తిప్పితే చాలామంది ఇంకా రెచ్చిపోతారు. మొహం పాలిపోయినా, చెమట పట్టినా వెంటనే ఆపాలి. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉంటే డాక్టరుగార్ని అడిగాకే ఊపండి.

బరువు పని కూడా ఇలాంటిదే. మీది కొబ్బరితోట ఊరు కాబట్టి దింపు తీసిన రోజు వాణ్ణి వెంట తీసుకెళ్లండి. చెట్టు మీంచి కాయ పడే చోటికి కాదు సుమా, అన్నీ దింపేశాక. ఒక్కో కాయా రెండు చేతులా పొట్టకి అదుముకుని తీసుకొచ్చి రాశిలో వేయమనండి. ఆ రోజు సాయంత్రం వాడెలా ఉన్నాడో మీరే చూస్తారు. దింపు రోజూ ఉండదు కాబట్టి చిన్న బిందెతో నీళ్లు మోయడం, తడిబట్టలు పిండడం, చపాతీపిండి పిసకడం, ఏదో ఒకటి. గోల ఉండే పనికి ముందు ఇది చేయిస్తే ఎక్కువ ఉపయోగం, గోల అయ్యాక కన్నా.

ఇక శబ్దాలు. ముందు ఒక మాట, చెవులు మూసుకోవడం ఈ మధ్యే మొదలైందా, మొదట్నించీ ఉందా? కొత్తగా మొదలైతే అది చెవినొప్పి కావచ్చు, పన్నునొప్పి కావచ్చు. మాట రాని పిల్లాడు నొప్పి ఇలాగే చెప్తాడు. చెవి డాక్టరుకి చూపించి, వినికిడి పరీక్ష చేయించకపోతే చేయించండి. శబ్దానికి బెదిరేవాడికి వినికిడి లోపం ఎలా ఉంటుంది అనుకోకండి, రెండూ కలిసే ఉన్న పిల్లలు ఉన్నారు. మలబద్ధకం కూడా చూడండి. పొట్ట బాగోలేని వారం మిక్సీ మోత రెట్టింపు వినపడుతుంది వాళ్లకి.

అత్తగారు "మిక్సీకి ఏడ్చేవాడు రైసుమిల్లులో నవ్వుతున్నాడు, అంతా నటన" అంటున్నారని రాశారు. నటన కాదండి. నాకు తెలిసిన ఒకబ్బాయి ఇంట్లో గ్రైండరు వేస్తే వీధిలోకి పారిపోయేవాడు, సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి గోదావరి దాటించే పంటు ఎక్కితే మాత్రం ఇనప కమ్మీకి గడ్డం ఆనించి, ఇంజను అదురు పళ్లలోకి వచ్చేలా కళ్లు మూసుకుని నిలబడేవాడు. దిగమంటే ఏడుపు. పంటు ఇంజను మోత సన్నదేం కాదు. కానీ అది లావుపాటి శబ్దం, ఒకేలా సాగుతుంది, ఎప్పుడు మొదలవుతుందో ఎప్పుడు ఆగుతుందో వాడికి తెలుసు. మిక్సీది కీచు శబ్దం, చెప్పాపెట్టకుండా వస్తుంది. ఒక ఇంద్రియం దగ్గర అతిగా తెలియడం, ఇంకో ఇంద్రియం దగ్గర అసలు చాలకపోవడం ఒకే పిల్లాడిలో ఉంటాయి. (ఆ అబ్బాయి ఇంటికొచ్చి బోరు మోటారుకి గడ్డం ఆనించడం మొదలుపెట్టాడు. మోటారుకి ఎర్తు ఉందో లేదో చూడమని నేను వెళ్లిన ప్రతి ఇంట్లోనూ చెప్తాను, మీకూ చెప్తున్నాను.)

ఇది ఈ మధ్య పుట్టుకొచ్చిన ముచ్చట కూడా కాదు. 1943లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి రాసిన తొలి వ్యాసంలోనే వ్యాక్యూమ్ క్లీనరు, గుడ్లు గిలక్కొట్టే మరలాంటి వాటికి హడలిపోయిన పిల్లలున్నారు. అయినా ఆటిజం గుర్తింపు లక్షణాల జాబితాలో ఇంద్రియాల సంగతిని చేర్చింది మాత్రం 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5లోనే, అంటే మానసిక వైద్యులు రోగనిర్ధారణకి వాడే అమెరికా పుస్తకంలో.

మిక్సీకి నేను చెప్పేది ఇది: దాన్ని వంటింటి బండ మీంచి తీసి, పెరటి వసారాలో మడతపెట్టిన దుప్పటి మీద పెట్టండి, సగం మోత అక్కడే పోతుంది. వేసే ముందు "మిక్సీ, మిక్సీ, మిక్సీ" అని మూడుసార్లు ఒకే స్వరంలో చెప్పి అప్పుడు వేయండి. కొన్నాళ్లయ్యాక స్విచ్చి వాడి చేత వేయించండి, ఒక్క క్షణమే, వాడే ఆపాలి. బలవంతం వద్దు. చేతిలో స్విచ్చి ఉంటే అదే శబ్దం వేరేగా ఉంటుంది.

దీనికి నేను చూసిన అందమైన ఉదాహరణ ఒక బడిలో. పాలకొల్లు పక్క ఊరి ప్రాథమిక పాఠశాల, గంటకి బదులు వేపచెట్టుకి రైలు పట్టా ముక్క వేలాడుతుంటుంది. రెండో తరగతి పాప ఆ గంట కొడితే నేలమీద పడిపోయి ఏడ్చేది. హెడ్‌మాస్టారు ఎవరినీ అడక్కుండా తనంతట తనే ఒకరోజు ఆ సుత్తి పాపకిచ్చారు. ఇప్పుడు బడి గంట ఆ పాపే కొడుతుంది. కొట్టిన వెంటనే ఎడమ అరచేతిని పట్టాకి ఆనిస్తుంది, మోత టక్కున ఆగిపోతుంది. చేతికి వచ్చే ఆ అదురు కోసమే కొన్నిసార్లు ఒక దెబ్బ ఎక్కువ కొడుతుందని, అన్నం గంట కాస్త ముందే పడుతోందని మిగతా పిల్లలకి సంతోషం. నా చదువంతా వాడినా ఆ మాస్టారి ఆలోచన నాకు రాదేమో.

గుడి మైకు మీ చేతిలో లేదు, నిజమే. లౌడు స్పీకర్లు రాత్రి 10 నుంచి పొద్దున్న 6 వరకు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు ఉన్నాయి, కానీ పల్లెటూళ్లో చట్టం తీసుకెళ్లి చూపిస్తే పని జరగదు, మాటలు ఆగిపోతాయి. మైకు కట్టే కుర్రాణ్ణి పిలిచి, హారన్ మీ ఇంటి వైపు కాకుండా చెరువు వైపు తిప్పమని అడగండి. మావయ్యగారు అడిగితే కాదనరు. ధనుర్మాసంలో తెల్లవారుజామున పాటకి ఉలిక్కిపడి లేచే పిల్లలకి, మైకు కన్నా పది నిమిషాలు ముందే మనం నెమ్మదిగా లేపడం పనిచేస్తుంది. అదే పాటని పగలు ఫోన్లో, సౌండు బటన్ వాడి వేలి కిందే ఉంచి, వాడికిష్టమైనంత చిన్నగా వినిపించొచ్చు. చెవిలో దూది పెడితే పెద్దగా లాభం లేదు. గడ్డి కోసే మిషన్ల వాళ్లు పెట్టుకునే చెవి కప్పులుంటాయి, పిల్లల కొలతలో దొరుకుతాయి, అవి తీసుకోండి. పెళ్లికీ, తీర్థానికీ, బాణసంచాకీ. రోజంతా మాత్రం పెట్టి ఉంచకండి, నిశ్శబ్దానికి చెవి అలవాటుపడితే మామూలు మాటలు కూడా గట్టిగా వినపడటం మొదలవుతుంది.

తీర్థం అన్నాను కాబట్టి కనుమ సంగతి. జగ్గన్నతోట ప్రభల తీర్థానికి కోనసీమలో ప్రతి ఇల్లూ కదులుతుంది, మిమ్మల్నీ పిల్లాణ్ణి తీసుకురమ్మంటారు. ఆ జనంలోకి, ఆ డప్పుల్లోకి, ఆ బాణసంచాలోకి తీసుకెళ్లొద్దు. ముందురోజుల్లో ప్రభ, అదే ఊరేగించే ఆ వెదురు కట్టడం, కట్టేటప్పుడు తీసుకెళ్లండి. వెదుళ్లు వంచడం, రంగుగుడ్డలు చుట్టడం, ఎవరూ తోసుకోకుండా నిదానంగా చూస్తాడు, గుడ్డ ముట్టుకోనిస్తారు కూడా. పండగలో వాడికి పనికొచ్చే ముక్క అదే. కనుమనాడు ఎవరో ఒకరు వాడితో ఇంట్లో ఉండండి, ఏటేటా మీరే ఉండకుండా వంతులు వేసుకోండి.

చొక్కా గురించి తొందరగా చెప్పేస్తాను. మెడ దగ్గర లేబుల్ కుట్టుతో సహా ఊడదీయండి, చొక్కా తిరగేసి తొడగండి, అతుకులు బయటికి వస్తాయి. గంజి వద్దు. కొత్త యూనిఫాం అయితే వేసవిలోనే తెచ్చి మెత్తబడేదాకా ఉతకండి, లోపల బిగువుగా బనియన్ వేయండి. అత్తగారు ప్రేమగా చెంపలు నిమురుతుంటే వాడు తోసేస్తున్నాడని బాధపడుతున్నారు కదా. వేళ్ల కొసలతో తేలిగ్గా తాకితే ఈ పిల్లల్లో చాలామందికి చీమలు పాకినట్టుంటుంది. ముందునుంచి, కనిపించేలా వచ్చి, అరచెయ్యి మొత్తం భుజం మీద గట్టిగా ఆనించమనండి. నూనె రాయడం, నలుగు పెట్టడం కూడా అలాగే, గట్టిగా, ఒకే దిక్కుగా. క్షవరానికి ముందు కూడా తలంతా అరచేతులతో నొక్కితే కొంత ఓర్చుకుంటాడు.

తిండి గురించి మీరు అడగలేదు, అయినా గుప్పిట్లో పీచు, పెదాలకి రాపిడి అంటే నోటికి ఏదో కావాలి. మామిడితాండ్ర ముక్క, చలికాలంలో ఉడకబెట్టిన తేగ, నమలడానికి బాగా పని ఉన్నవి ఇవ్వండి, పక్కనే కూర్చుని. తినే రకాలు అయిదారుకి పడిపోతే, లేదా మట్టి, సుద్ద తింటుంటే రక్తపరీక్ష చేయించండి, రక్తం తక్కువైన పిల్లలు అలా తింటారు.

అన్నీ చేసినా ఒక్కోరోజు వాడు పట్టలేక కింద పడి కేకలు పెడతాడు. అది మొండితనం కాదని ఎలా తెలుస్తుందంటే, అడిగింది ఇచ్చినా ఆగదు, ఎవరైనా చూస్తున్నారా అని చూసుకోడు, తనకి దెబ్బ తగులుతున్నా తెలియదు. అప్పుడు మన ఊళ్లలో చేసేవన్నీ వ్యతిరేకంగా పనిచేస్తాయి. పదిమంది చుట్టూ మూగడం, మొహాన నీళ్లు కొట్టడం, "ఏమైంది నాన్నా" అని పదే పదే అడగడం, దిష్టి తీయడానికి మిరపకాయల పొగ. జనాన్ని పంపించేయండి, లైటు ఆపండి, తల కింద మెత్తటిది పెట్టండి, పక్కన కూర్చోండి, నోరు మెదపకండి. వాతలు పెట్టించమనే వాళ్లు తగిలితే వాళ్ల ఇంటికి వెళ్లడం మానేయండి.

ఇప్పుడు నీళ్లు. నా దగ్గరికి వచ్చే ప్రతి తల్లికీ మొదట చెప్పేది ఇదే, మీకు ఆలస్యంగా చెప్తున్నాను. మనది కాలువల నేల. ధవళేశ్వరం నుంచి వచ్చే పంటకాలువ ఇంటి ముందు, బోదె ఇంటి వెనక, ఆ పక్క చేపల చెరువు. ఆటిజం ఉన్న పిల్లలకి నీళ్ల మెరుపు, చల్లదనం, ఒంటి చుట్టూ సమంగా నొక్కే తీరు విపరీతంగా నచ్చుతాయి. ఇంట్లో గోల పెరిగినప్పుడు చప్పుడు చేయకుండా బయటికి నడిచి వెళ్లిపోవడం కూడా వాళ్లలో ఎక్కువ. పిలిస్తే పలకరు. ఇలా వెళ్లిపోయి నీళ్లలో పడి పోయిన పిల్లల సంగతి ప్రపంచమంతటా ఉంది. అందుకని వీధి గుమ్మానికీ పెరటి గుమ్మానికీ పైన గడియ పెట్టించండి, తలుపుకి చిన్న గజ్జెలు కట్టండి. మెడలో కాదు, మొలతాడుకో చేతికో పేరూ ఫోన్ నంబరూ ఉన్న బిళ్ల ఉండాలి. చెరువు కాపలాదారుకి, కాలువగట్టు మీద టీకొట్టు వాళ్లకి పిల్లాణ్ణి చూపించి చెప్పండి, సిగ్గుపడకండి. వాడు కనిపించకపోతే ఇల్లంతా వెతికి, వీధిలో వెతికి, తర్వాత నీళ్ల దగ్గరికి వెళ్లొద్దు. మొదట నీళ్ల దగ్గరికే పరుగెత్తండి. కాలువలు కట్టేసే వేసవిలో నిర్లక్ష్యం వస్తుంది, అప్పుడు కూడా చెరువులు నిండుగానే ఉంటాయి. ఈత నేర్పించడం మంచిదే, నేర్పించండి, కానీ ఈత వచ్చిందని గడియ తీసేయకండి. వాడి నీళ్ల దాహం తీరడానికి పెరట్లో నీడన గంగాళంలో నాలుగు వేళ్ల లోతు నీళ్లు, ఒక చెంబు, పక్కన మీరు. అయ్యాక గంగాళం బోర్లించేయండి.

థెరపీ ఎక్కడ అని కూడా అడిగారు. మీ మండలంలో సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడి పథకం వాళ్ల భవిత కేంద్రం ఉంటుంది, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం, అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయులతో మాట్లాడండి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకి ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద డీఈఐసీలో, అంటే జిల్లా స్థాయి పిల్లల పరీక్ష, చికిత్స కేంద్రంలో, ఉచితంగా చూస్తారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది, సదరం అనే వైకల్య ధ్రువపత్రానికి దరఖాస్తు చేయండి, నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉంటుంది, థెరపీ ఖర్చు కూడా కొంత వస్తుంది. ప్రైవేటులో ఎవరి దగ్గరికి వెళ్లినా, ఇంద్రియ థెరపీతో (ఇలా నొక్కుడు, ఊపుడు, బరువు పనులతో చేసే థెరపీ) ఆటిజం తగ్గిపోతుందని అంటే లేచి వచ్చేయండి. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2012లోనే ఈ థెరపీకి ఆధారాలు పరిమితం అని చెప్పింది, నేను చేసేది అదే థెరపీ అయినా నేనూ అదే చెప్తాను. రోజువారీ పనుల్లో, అన్నం దగ్గర, బట్టల దగ్గర, బడిలో, తేడా కనపడుతోందా అని రెండు మూడు నెలలు చూడండి. లేకపోతే డబ్బు మిగుల్చుకోండి.

బడి సంగతి. వేయండి. వేసే ముందు మే నెలలో, పిల్లలెవరూ లేనప్పుడు నాలుగైదుసార్లు తీసుకెళ్లి, గది, నీళ్ల కుళాయి, మరుగుదొడ్డి చూపించండి. టీచరుగారికి ఒక కాగితం రాసివ్వండి: వీడికి ఏ శబ్దం పడదు, పడనప్పుడు ఏం చేస్తాడు, ఎక్కడ కూర్చోబెడితే నెమ్మదిస్తాడు. గోడ పక్క సీటు అడగండి, ద్వారం పక్కన వద్దు. ఇంట్లో కూడా ఒక నోటుపుస్తకం పెట్టి, వాడు సందులో దూరిన ప్రతిసారీ దానికి ముందు పది నిమిషాల్లో ఏం జరిగిందో ఒక్క ముక్క రాయండి. రెండు వారాల్లో మీకే ఒక వరస కనపడుతుంది. ఆ వరస చూసి టీచరుగారి కాగితం రాయండి.

కొబ్బరిపీచు కూడా బడికి వెళ్లనివ్వండి. వదులు పీచు గొంతులోకి పోతుంది కాబట్టి, కొబ్బరితాడు జానెడు ముక్క తీసుకుని, నానబెట్టి, బాగా ఉతికి, గట్టిగా ముడి వేసి ఆరబెట్టండి. రెండు కొసలూ దారంతో చుట్టి కుట్టేయండి. అలాంటివి మూడు చేయండి: ఒకటి జేబులో, ఒకటి టీచరుగారి బల్ల సొరుగులో, ఒకటి ఇంట్లో. మొదట పాత పీచుతో పాటే ఇవ్వండి, వాసన పట్టేదాకా రెండూ ఒకే డబ్బాలో ఉంచండి.